కేబుల్ వినకముందే చెప్పవలసిన మాటలు

అందరికీ నమస్కారం. ఆడియో కేబుళ్లు తయారుచేసే ఒక సంస్థ యాంప్లిఫయర్‌ను స్పీకర్‌కు కలిపే తమ స్పీకర్ కేబుల్‌ను పరీక్షించి వీడియో చేయవలసిందిగా నన్ను కోరింది. మూడు మీటర్ల పొడవున్న ఆ జత ఈ బల్ల మీద, సీలు విప్పని పెట్టెలోనే ఉంది. ఏ షరతుల మీద ఒప్పుకున్నాను, ఏ పద్ధతిలో వింటాను, ఎలాంటి ఫలితం వస్తే ఏమని చెబుతాను అన్నవి వినడానికి ముందే మీ ఎదుట నమోదు చేయడం కోసమే ఈ మొదటి భాగం. ఫలితం తెలిశాక పద్ధతిని వివరించేవాడికి, ఫలితానికి తగ్గట్టు పద్ధతిని సర్దుకునే వెసులుబాటు దొరుకుతుంది. అది నాకు దొరకకూడదు. సంస్థ పేరును ఫలితంతో పాటే చెబుతాను, ఇప్పుడే చెబితే ఈ భాగమే ప్రకటనగా మారుతుంది.

నేను వృత్తిరీత్యా ఆడియో ఇంజనీరును కాను, పాటలు వినడం, తీరిక దొరికితే యాంప్లిఫయర్లు విప్పి చూడడం నా అభిరుచి. ఈ పరీక్షకు డబ్బు తీసుకోవడం లేదు, కొనుగోలు లింకులు పెట్టడం లేదు, వీడియోను ముందుగా సంస్థకు చూపించడం లేదు. పరీక్ష ముగిశాక కేబుల్‌ను నా ఖర్చుతోనే తిరిగి పంపుతాను. ఇందులో చట్టం మాట కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ 9న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వస్తువును ప్రోత్సహించేవారికీ సంస్థకూ మధ్య ఉన్న సంబంధాన్ని వెల్లడించాలి. 2022 జూలై 1 నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, ఏడాదిలో ఇరవై వేల రూపాయలు దాటిన ఉచిత వస్తువు మీద సంస్థ ముందుగానే పన్ను (టీడీఎస్) కోయాలి, పని ముగిశాక తిరిగి ఇచ్చేస్తే అక్కర్లేదు. అయితే చట్టం పట్టుకోలేని ఒత్తిడి ఒకటి ఉంది. మామూలు వైరుకూ దీనికీ తేడా వినిపించలేదని చెప్పినవాడి ఇంటికి తరువాతి పెట్టె రాదు. అభిరుచి గలవాడిని డబ్బు కన్నా ఎక్కువగా లొంగదీసేది ఆ తరువాతి పెట్టెయే.

దీనికి ఎదురుగా మరో ప్రలోభం కూడా ఉంది. ఖరీదైన కేబుళ్లన్నీ మోసమేనని నమ్మే వీక్షకులు నా చానల్‌కు చాలామంది ఉన్నారు, తేడా లేదని చెబితే వారు చప్పట్లు కొడతారు. అందుకే నా అంచనాను కూడా ముందే చెప్పేస్తున్నాను. తేడా వినిపించదనే నేను అనుకుంటున్నాను. ఆ అనుకోవడం వెనుక ఉన్న లెక్క ఇది.

పోలికకు నేను తీసుకున్నది ఎలక్ట్రికల్ షాపులో దొరికే, ఇంట్లో ఏసీ పాయింట్‌కు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. దాని నిరోధం మీటరుకు సుమారు 7.5 మిల్లీ ఓమ్‌లు. మూడు మీటర్లు వెళ్లి మూడు మీటర్లు తిరిగి రావాలి కనుక మొత్తం 45 మిల్లీ ఓమ్‌లు అవుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు దీనివల్ల తగ్గే స్థాయి 0.05 డెసిబెల్ మాత్రమే. అదే పొడవులో 0.5 స్క్వేర్ ఎంఎం సన్న వైరు వాడితే నిరోధం 0.23 ఓమ్ దాకా పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, స్పీకర్ మీద 8 ఓమ్‌లని రాసి ఉన్నా దాని ఇంపీడెన్స్, అంటే మారే కరెంటుకు అది చూపే అడ్డు, అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. 4 ఓమ్‌లకు దిగిన చోట సన్న వైరు దాదాపు అర డెసిబెల్ తినేస్తుంది, 20 ఓమ్‌లకు ఎక్కిన చోట 0.1 డెసిబెల్ మాత్రమే తీసుకుంటుంది. అంటే శబ్దం తగ్గడమే కాదు, దాని స్వరూపమే కొంత మారుతుంది. కనుక కేబుల్‌కు అసలు ప్రాధాన్యమే లేదని నేను అనను. తగినంత మందమున్న రాగి తరువాత ఇంకేం మిగులుతుందన్నదే ప్రశ్న.

ఇంత చిన్న నిరోధాన్ని మామూలు మల్టీమీటర్ నేరుగా సరిగా చూపించదు, దాని ప్రోబుల నిరోధమే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కేబుల్ గుండా ఒక ఆంపియర్ డీసీ కరెంటును పంపి, రెండు చివరల మధ్య వోల్టేజీని మిల్లీవోల్టులలో చదివితే అదే మిల్లీ ఓమ్‌ల విలువ. రెండు కేబుళ్లకూ ఈ కొలతను కెమెరా ముందే తీస్తాను.

ఇక వినికిడి సంగతి. పేరు చూసి వినడం, చూడకుండా వినడం రెండూ చేస్తాను, కానీ తీర్పు రెండవదానిదే. ఏ, బీ కేబుళ్లలో ఏదో ఒకటి ఎక్స్‌గా వినిపిస్తుంది, అది ఏదో నేను చెప్పాలి. 1982లో డేవిడ్ క్లార్క్ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వివరించిన ఏబీఎక్స్ పద్ధతి ఇదే. స్విచ్ మార్చే మిత్రుడు పక్క గదిలో ఉంటాడు, వరుసను నాణెం ఎగరేసి నిర్ణయిస్తాడు. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర రెండు కేబుళ్ల స్థాయినీ 0.1 డెసిబెల్ లోపు సమానం చేస్తాము, ఎందుకంటే కొంచెం బిగ్గరగా ఉన్నదాన్ని చెవి బిగ్గర అని గుర్తించదు, మెరుగు అని అనుకుంటుంది. మృదంగంలో తొప్పి నాదం బరువెక్కిందనీ, వయొలిన్ మరింత దగ్గరగా వచ్చిందనీ మనం రాసే మాటలలో ఎన్ని ఈ స్థాయి తేడా నుంచే పుట్టాయో ఎవరూ లెక్కించలేదు. మృదంగం, వయొలిన్‌తో పాటు, అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు లాంటి పింక్ నాయిస్‌ను కూడా వాడతాను. వినడానికి అది విసుగే, కానీ ఫ్రీక్వెన్సీల తేడాను సంగీతం కన్నా తేలికగా పట్టిస్తుంది.

16 సార్లలో 12 లేదా అంతకన్నా ఎక్కువ సార్లు సరిగా చెబితే తేడా విన్నానని ఒప్పుకుంటాను. ఊరికే ఊహించేవాడికి అన్ని రావడానికి అవకాశం నూటికి నాలుగు కన్నా తక్కువ. 11 వస్తే చాలదనే అంటాను, ఆ తరువాత లెక్కను కొనసాగించి 12కు చేర్చను. 12 కన్నా తక్కువ ఎన్ని వచ్చినా, ఈ గదిలో, ఈ స్పీకర్లతో, ఈ చెవులకు తేడా తెలియలేదని మాత్రమే చెబుతాను. తేడా ఎవరికీ ఎక్కడా వినిపించదని చెప్పడానికి ఆ ఫలితం సరిపోదు. షరతులు ముందే కుదరకపోతే ఏమవుతుందో 2007లో అమెరికాలో కనిపించింది. 7,250 డాలర్ల స్పీకర్ కేబుల్‌ను మామూలు కేబుల్ నుంచి వేరుగా గుర్తిస్తే పది లక్షల డాలర్లు ఇస్తామని, అతీత శక్తుల వాదనలను పరీక్షకు పెట్టే ఇంద్రజాలికుడు జేమ్స్ రాండి ప్రకటించారు. వాదోపవాదాలు నడిచాయి గానీ పరీక్ష మాత్రం జరగలేదు.

సంస్థవారు పంపింది టర్న్‌టేబుల్ (గ్రామఫోన్ రికార్డులు తిప్పే యంత్రం) కేబుల్ అయి ఉంటే నా అంచనా వేరుగా ఉండేది. రికార్డు మీద సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కు కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే గుణం, పికోఫారడ్‌లలో కొలుస్తారు) నేరుగా భారమవుతుంది. 100 నుంచి 200 పికోఫారడ్‌లు కోరే కార్ట్రిడ్జ్‌కు అంతకు మించి తగిలిస్తే పై ఫ్రీక్వెన్సీల తీరు మారుతుంది, దాన్ని కొలవవచ్చు, కొన్నిసార్లు వినవచ్చు కూడా.

నా షరతులన్నింటికీ సంస్థవారు ఒప్పుకున్నారు, తమ వైపు నుంచి ఒక్కటి కోరారు. కేబుల్‌ను ముందు కొన్ని వందల గంటలు నడిపించి, అది కుదురుకున్న తరువాతే వినాలట. అలాగేనన్నాను. వారి కేబుల్ ఎన్ని గంటలు నడుస్తుందో, ఏసీ పాయింట్ వైరుకు కూడా అన్ని గంటలూ అదే కచేరీ వినిపిస్తాను.