30-30కి ఏ గుండు కొనాలి? నాలుగు డబ్బాలు విప్పి చూద్దాం

నమస్తే అండీ. జింక వేటకి తూటాలు నేనే కట్టుకుంటాను. వాటికోసం కొన్న గుండ్ల డబ్బాలు నాలుగు టేబుల్ మీదున్నాయి. నాలుగింటి మీదా 30 క్యాలిబర్ (గుండు మందం) అనే రాసుంది. లోపలున్నవాటికి మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతనే లేదు.

ఊళ్లో ఉండి చూస్తున్నవాళ్లకి ముందే చెప్తున్నా. మన దగ్గర జింకని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేనుండేది పిట్స్‌బర్గ్ పక్కన. ఇక్కడ పెన్సిల్వేనియాలో లైసెన్సు తీసుకుని, ఆరెంజ్ జాకెట్ తొడుక్కుని వెళ్లే వేట ఇది. హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లూ, తుపాకీ ముట్టుకునే ముందు లాయర్‌తో మాట్లాడండి. వీసా మీద ఉన్నవాళ్లని ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకీ ఉంచుకోనివ్వదు. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది గానీ, దాని సంగతి తెలిసినవాళ్లని అడిగే ముందుకెళ్లండి.

సరే, పనిలోకి వద్దాం. నాది 30-30 లీవర్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ దగ్గరుండే మీట ఆడించి తూటా ఎక్కించే తుపాకీ. 30-30 అనేది 1895లో వించెస్టర్ 94 తుపాకీ కోసం వచ్చిన తూటా. ఇక్కడి అడవుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. మనం తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం కదా, ఇంట్లో తూటాలు కట్టుకునేవాడికి అలా కుదరదు. ఇత్తడి కేసు, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే ప్రైమర్, మందు అనే పౌడర్, వేటికవే. ముందు కూర్చునే గుండే బుల్లెట్. దాని బరువు గ్రెయిన్లలో చెప్తారు. 170 గ్రెయిన్లంటే 11 గ్రాములు. కంసాలి త్రాసులో వేస్తే దాదాపు తొంభై గురివింద గింజలు తూగుతుంది.

మొదటి డబ్బా నా తెలివితక్కువ కొనుగోలు. 150 గ్రెయిన్లు, ముక్కు సూదిలా ఉంటుంది. సైజు సరిపోయింది కదా అని తెచ్చేశా. రేంజ్‌లో ఒక పెద్దాయన నా చేతిలోంచి తూటా లాక్కుని, "ఇవి వరసగా ట్యూబ్‌లోకి తోస్తావా?" అన్నాడు. ఈ తుపాకీ మ్యాగజీన్ ఒక గొట్టం. తూటాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కి ఆనుతుంది. సూది ముక్కు పెడితే, కుదుపుకి ఆ ప్రైమర్ గొట్టంలోనే పేలొచ్చు. చెయ్యి పోతుంది.

పోనీ ఒక్కోటీ పెట్టి కాలుద్దామని వంద గజాల్లో నీళ్ల క్యాన్లు పేర్చా. గుండు విచ్చుకోనే లేదు, పెన్సిల్ గుచ్చినట్టు అన్నిట్లోంచీ దూరిపోయింది. ఎందుకంటే అది మ్యాగ్నమ్, అంటే ఎక్కువ మందుతో బాగా జోరుగా కొట్టే తూటాల వేగానికి చేసిన గుండు. 30-30, 308, 30-06, 300 మ్యాగ్నమ్, ఈ తూటాలన్నింటి గుండ్ల మందమూ 0.308 అంగుళాలే. వేగాలు మాత్రం వేరు. 150 గ్రెయిన్ల గుండు 30-06లో సెకనుకి 2,900 అడుగుల పైచిలుకుతో బయల్దేరితే, 30-30లో 2,400కి కాస్త తక్కువ. వంద గజాలు దాటేసరికి రెండు వేలకి దిగుతుంది. ఆ వేగానికి విచ్చుకునే గుండే మనకి కావాలి. డబ్బా మీద బరువు చూసి కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

రెండోది ఫ్లాట్ నోస్. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. ముక్కు బల్లపరుపుగా ఉంది, కొసన సీసం బయటికి కనిపిస్తోంది. గోరుతో గీస్తే గీత పడుతుంది చూడండి. దీన్నే రంపంతో నిలువుగా కోశాను. రాగి తొడుగు పైన పలచన, కిందికొచ్చేసరికి మందం. పైభాగం విచ్చుకుని పుట్టగొడుగులా అవుతుంది, కింది భాగం లోపలికి తోసుకుపోతుంది. నడుం చుట్టూ గాడి ఉంది కదా, దాన్ని కేనలూర్ అంటారు. కేసు అంచుని ఆ గాడిలోకి నొక్కితే క్రింప్. అది సరిగ్గా లేకపోతే మ్యాగజీన్ స్ప్రింగ్ ఒత్తిడికి గుండు కేసులోకి కుంగుతుంది, పేలినప్పుడు ప్రెషర్ పెరుగుతుంది.

క్రింప్ బాగుండాలంటే కేసులన్నీ ఒకే పొడవుండాలి. పోయినేడాది ఇరవైలో రెండు కేసులు ట్రిమ్ చెయ్యకుండా, అంటే పొడవు కత్తిరించకుండా వదిలేశా. క్రింప్ నొక్కేసరికి రెండిటికీ కేసు మెడ కింద, భుజం దగ్గర ఉబ్బొచ్చింది, వేలితో తడిమితే తెలిసేటంత. తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్‌లోకి ఎక్కలేదు.

హోర్నడీ, స్పీర్, సియెర్రా, ఈ మూడు కంపెనీలవాళ్లూ 30-30 కోసమే చేసిన 170 గ్రెయిన్ల గుండ్లు అమ్ముతున్నారు. వాటిలో పెద్ద తేడా నాకు కనబడలేదు, మీ తుపాకీ దేన్ని ఒకేచోట దగ్గరదగ్గరగా కొడితే అదే తీసుకోండి. బరువైన గుండు కొమ్మలకి తగిలినా దారి తప్పదంటారు చూడండి, ఆ మాట నమ్మొద్దు. ఏ గుండైనా తప్పుతుంది.

మూడోది హోర్నడీ ఎఫ్‌టీఎక్స్, 160 గ్రెయిన్లు. సూది ముక్కే గానీ మెత్తని ప్లాస్టిక్, నొక్కితే వంగుతుంది. అందుకని గొట్టంలో పెట్టొచ్చు. దూరం వెళ్లేకొద్దీ వేగం బాగా నిలుపుకుంటుంది. నేను కాల్చేది చెట్ల మధ్య, ఎనభై గజాల్లోపు. నాకు ఆ డబ్బు దండగ.

నోస్లర్ పార్టిషన్ ఏదీ అంటారేమో. 1946లో మూస్ (పెద్ద జాతి జింక) వేటలో గుండు సరిగా దిగక, జాన్ నోస్లర్ మధ్యలో రాగి గోడ పెట్టి చేసిన గుండు అది. మంచిదే. మేం వేటాడే వైట్‌టెయిల్ జింకకి, ఈ వేగానికి అంత అక్కర్లేదు.

నాలుగోది బార్న్స్ వారి టీఎస్ఎక్స్, మొత్తం రాగి, సీసం లేదు. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం గుండ్లు నిషేధం. 2008లో నార్త్ డకోటాలో, పేదలకిచ్చే జింక కీమాలో సీసం తునకలు బయటపడితే దాన్ని పారేయమన్నారు. ఆ సంగతి మా ఆవిడకి చెప్పి తప్పు చేశా. "పిల్లలకి పెట్టే కీమాలో సీసమా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈసారి సగం తూటాలు రాగివే. ఒక జాగ్రత్త: రాగి సీసం కంటే తేలిక కాబట్టి, అదే బరువుకి గుండు పొడుగవుతుంది, కేసులో చోటు తింటుంది. సీసం గుండుకి రాసిన పౌడర్ లెక్క దీనికి వాడొద్దు. ఆ గుండుకే ఇచ్చిన లెక్క చూసి, అతి తక్కువ నుంచి మొదలెట్టండి.

మాంసం ముక్కలుగా కోసుకుని, గాయం చుట్టూ ఒక జానెడు తీసి పారేసేవాళ్లకి 170 ఫ్లాట్ నోస్ చాలు. కీమా కొట్టించేవాళ్లు రాగికి డబ్బు పెట్టండి. థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం సీజన్ మొదలు. నా తూటాల డబ్బా ఇంకా సగమే నిండింది, తూటాలు కట్టే ప్రెస్ దగ్గరికి వెళ్తున్నా.