బ్యాంకాక్‌లో ఫ్యామిలీతో దిగాలంటే: ముందు స్టేషన్, ఆ తర్వాతే రూమ్

[ఫోన్ స్క్రీన్ దగ్గరగా. హోటల్ బుకింగ్ యాప్‌లో ఒక గది ఫొటో.]

ఈ రూమ్ చూడండి. రోజుకు 1,200 బాత్, అంటే థాయ్‌లాండ్ కరెన్సీలో. స్విమ్మింగ్ పూల్ ఉంది, పొద్దున టిఫిన్ ఫ్రీ, మంచం మీద తువ్వాలు మడిచి చేసిన హంస కూడా ఉంది. కింద చిన్న అక్షరాల్లో "స్కైట్రైన్‌కు దగ్గర" అని రాశారు. స్కైట్రైన్ అంటే అక్కడ రోడ్డు పైన ఎత్తుగా నడిచే మెట్రో రైలు. రెండేళ్ల క్రితం సరిగ్గా ఇలాంటి ముక్క చూసే మేం బుక్ చేశాం.

మేమంటే ఐదుగురం. నేను, మావారు, మా అత్తయ్య, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. మే నెల, మిట్టమధ్యాహ్నం. రైలు దిగి మెట్లన్నీ దిగొచ్చి చూస్తే, హోటల్ ఉన్న సందు మొదలు మాత్రమే స్టేషన్ పక్కన ఉంది. హోటల్ ఆ సందు చివర. కిలోమీటరు పైనే. సందు మొదట్లో నారింజ రంగు జాకెట్లు వేసుకున్న బైక్ ట్యాక్సీ అబ్బాయిలున్నారు. అందులో ఒకబ్బాయి మా అత్తయ్యకు మర్యాదగా వెనక సీటు చూపించాడు. ఆవిడ సీటు వంక చూసింది, తన చీర వంక చూసుకుంది, తర్వాత నా వంక చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

[టైటిల్ కార్డు. బ్యాక్‌గ్రౌండ్‌లో స్కైట్రైన్ వెళ్తున్న శబ్దం.]

అందరికీ నమస్తే. బ్యాంకాక్‌లో ఫ్యామిలీకి సరిపోయే గది తక్కువలో దొరుకుతుందా అని చాలామంది అడుగుతారు. దొరుకుతుంది. కాకపోతే మనం వెతికే పద్ధతిలోనే తిరకాసుంది. మనం ముందు రేటు చూస్తాం, తర్వాత ఫొటోలు చూస్తాం, చివర్లో ఎక్కడుందో చూస్తాం. ఆ ఊళ్లో దీన్ని తిరగేయాలి.

[మ్యాప్. పెద్ద రోడ్డు ఒకటి, దానికి రెండు వైపులా చేప ముళ్లలా సందులు.]

బ్యాంకాక్ ఎలా పెరిగిందో ఈ మ్యాప్‌లో తెలిసిపోతుంది. సుఖుమ్‌విత్ లాంటి పెద్ద రోడ్డుంటుంది. దానికి రెండు వైపులా సందులు. వాటిని సోయ్ అంటారు. మన కాలనీల్లోలాగా ఈ సందులోంచి ఆ సందులోకి దూరి బయటపడదామంటే చాలాచోట్ల కుదరదు. లోపలికి పోతే పోయినట్టే, మళ్లీ పెద్ద రోడ్డుకే రావాలి. స్కైట్రైన్ ఆ పెద్ద రోడ్డు మీదే నడుస్తుంది. సోయ్ లోపలికి వెళ్లేకొద్దీ గది అద్దె తగ్గుతుంది. ఆ తగ్గిందంతా మీ కాళ్లు కడతాయి, లేదా మీరు యాప్‌లో పిలిచే గ్రాబ్ కారు వసూలు చేసుకుంటుంది.

ఇంకో చిక్కు. సుఖుమ్‌విత్‌లో ఉత్తరం వైపు సోయ్‌లకు బేసి నంబర్లు, దక్షిణం వైపు సరి నంబర్లు. 38, 39 అంటే ఎదురెదురుగా ఉంటాయనుకుంటాం కదా? ఉండవు. సోయ్ 38 దిగడానికి థాంగ్ లో స్టేషన్, దానికి ఎదురుగా ఉండేది సోయ్ 55. సోయ్ 39కి వెళ్లాలంటే ప్రోమ్ పోంగ్‌లో దిగాలి. అది వేరే స్టేషన్. అడ్రస్‌లో నంబరు చూసి "ఆ, పక్కనే" అనుకోకండి.

అందుకని నేనిప్పుడు చేసే పని ఇది.

[స్క్రీన్ రికార్డింగ్. మ్యాప్‌లో హోటల్ పేరు నుంచి స్టేషన్ వరకు నడక దారి.]

గూగుల్ మ్యాప్స్‌లో హోటల్ పెట్టి, స్టేషన్ పెట్టి, కారు గుర్తు కాకుండా మనిషి నడిచే గుర్తు నొక్కుతాను. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే 500 మీటర్లు దాటిన హోటల్ వదిలేస్తాను, ఎంత చవకైనా సరే. ఆ తర్వాత స్ట్రీట్ వ్యూలో ఆ దారంతా ఒకసారి నడిచి చూస్తాను. ఫుట్‌పాత్ ఉందా, తోపుడు బళ్లున్నాయా, రోడ్డు దాటడానికి మెట్ల వంతెన ఎక్కాలా, అన్నీ కనిపిస్తాయి. స్టేషన్లలో లిఫ్ట్ అన్ని ద్వారాల దగ్గరా ఉండదు, అదీ చూసుకోవాలి. పది నిమిషాల పని. కొన్ని హోటళ్లు స్టేషన్ దాకా ఉచితంగా టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, తిప్పుతాయి. ఎన్ని గంటల వరకు తిప్పుతారో మాత్రం అడగండి.

సరే, ఏ ఏరియా?

[ప్రతూనామ్ మార్కెట్ వీధి. బట్టల మూటలు, జనం, వెనక బైయోక్ టవర్.]

మనవాళ్లు ఎక్కువగా దిగేది ప్రతూనామ్‌లో. ఎందుకో అర్థమవుతుంది. హోల్‌సేల్ బట్టల మార్కెట్ అక్కడే, ప్లాటినమ్ మాల్ అక్కడే, ఇండియన్ హోటళ్లకు కొదవ లేదు, అర్ధరాత్రి పప్పన్నం అడిగినా పెట్టేవాళ్లుంటారు. గదులు కూడా పెద్దవి, చవక. షాపింగే పని అయితే కళ్లు మూసుకుని దిగండి. ఊరు చూడ్డానికి వెళ్లినవాళ్లకు మాత్రం ఇబ్బంది. స్కైట్రైన్ స్టేషన్ చాలా హోటళ్ల గుమ్మం దగ్గర ఉండదు, చిట్ లోమ్‌కో రాచతేవీకో నడవాలి. సాయంత్రం అక్కడ ట్రాఫిక్ మన అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఆరు గంటలప్పటిలా ఉంటుంది. కారు పిలిస్తే రాదు, వచ్చినా కదలదు. సేన్ సాప్ కాలవలో పడవలు నడుస్తాయి, పాతబస్తీ వైపు వెళ్లడానికి అదే అన్నిటికన్నా త్వరగా చేరుస్తుంది. మా బాబు దాన్ని వదిలేవాడు కాదు. అత్తయ్య ఒకసారి ఎక్కింది, రెండోసారి ఎక్కలేదు. పడవ సరిగ్గా ఆగీ ఆగకముందే గెంతి ఎక్కాలి మరి.

నా ఓటు రెండు చోట్లకి. మొదటిది పయా థాయ్ స్టేషన్ చుట్టుపక్కల. సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే రైలు అక్కడితో ఆగుతుంది, అక్కడే స్కైట్రైన్ అందుకుంటుంది. టికెట్ మనిషికి 45 బాత్, అరగంట లోపే. మేం ఐదుగురం, నాలుగు సూట్‌కేసులు. మామూలు ట్యాక్సీలో పట్టం. రైలైతే అందరికీ కలిపి 225 బాత్. ట్యాక్సీలో మీటరు కాక 50 బాత్ ఎయిర్‌పోర్ట్ ఛార్జీ ఉంటుంది, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ మనమే కట్టాలి.

[ఆన్ నట్ స్టేషన్ మెట్లు, పక్కన సూపర్‌మార్కెట్.]

రెండోది ఆన్ నట్. 1999లో స్కైట్రైన్ మొదలైనప్పుడు ఆ వైపు చివరి స్టేషన్ ఇదే. 2011లో లైను పొడిగించేదాకా అంతే. అందుకే అక్కడ ఉద్యోగస్తుల అపార్ట్‌మెంట్లు, మామూలు హోటళ్లు, మామూలు తిండి దొరుకుతాయి. స్టేషన్ పక్కనే లోటస్ అనే పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది. నడిబొడ్డుకు రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది, కానీ అదే డబ్బుకు నడిబొడ్డునున్న అసోక్ దగ్గర దొరికే గదికన్నా పెద్దది వస్తుంది.

గుళ్లూ అవీ చూడాలనుకునే పెద్దలుంటే సీలోమ్, సురసక్ వైపు బాగుంటుంది. తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి సీలోమ్ రోడ్డు మీదే ఉంది, నది దగ్గర పడవలూ దొరుకుతాయి. ఖావ్ సాన్ రోడ్ పేరు విని వెళ్లకండి, రాత్రి రెండింటి దాకా డప్పులే. నానా అనే ఏరియాలో మంచి హోటళ్లున్నాయి, తిండి కూడా బాగుంటుంది. కాకపోతే రాత్రిపూట కొన్ని సందుల్లో పిల్లాడు "అమ్మా, ఇక్కడేం అమ్ముతారు?" అని అడిగితే జవాబు మీరే చూసుకోవాలి.

[ప్రజెంటర్ కెమెరాకు ఎదురుగా, చేతిలో కాగితం.]

ఇక డబ్బు లెక్క. యాప్‌లో వెతికేటప్పుడు మనమంతా ఒక చిన్న మోసం చేస్తాం. ఇద్దరు పెద్దలు అని మాత్రం కొడతాం, పిల్లల్ని దాస్తాం. రేటు తక్కువ కనిపిస్తుంది. తీరా రిసెప్షన్‌లో నిలబడ్డాక అదనపు మంచానికి ఇంత, పిల్లల టిఫిన్‌కి ఇంత అంటారు. వాళ్లను అనడానికేం లేదు. పిల్లల వయసులతో సహా నిజం కొట్టండి. చాలా హోటళ్లు పన్నెండేళ్ల లోపు పిల్లలు ఉన్న మంచం మీదే పడుకుంటే డబ్బు తీసుకోవు, ఆ రూల్ ఒక్కో హోటల్‌ది ఒక్కోలా ఉంటుంది. పైగా "ఫ్యామిలీ రూమ్" అని రాసినవన్నీ ఒకటి కాదు. కొన్నింటిలో రెండు మంచాలు, కొన్నింటిలో ఒక మంచం, ఒక సోఫా.

సైజు చదరపు మీటర్లలో ఇస్తారు. 24 అంటే సుమారు 258 చదరపు అడుగులు. మంచం, బాత్‌రూమ్ పోను సూట్‌కేసు తెరవడానికి చోటు వెతుక్కోవాలి. నలుగురికి కనీసం 35 ఉండేలా చూడండి. రెండు చిన్న గదులకన్నా 50 చదరపు మీటర్ల సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ చాలాసార్లు చవకగా పడుతుంది. చిన్న వంటగది, కొన్నిచోట్ల వాషింగ్ మెషీన్ కూడా ఉంటాయి. ఇండియా నుంచి మోసుకెళ్లిన బుల్లి కుక్కర్ దొంగతనంగా పెట్టుకునే టెన్షన్ ఉండదు. మామూలు హోటల్ గదిలో వంట చాలావరకు నిషేధం, పొగ అలారం మోగితే పరువు పోతుంది.

[స్క్రీన్ మీద: 2,000 ప్లస్ ప్లస్.]

రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే ఆగండి. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ ఛార్జీ. రెండోది దాని మీద 7 శాతం వ్యాట్. 2,000 బాత్ కాస్తా 2,354 అవుతుంది.

ఇంకొకటి, ఇది కాస్త ముఖ్యం. కొందరు కాండోమినియమ్ ఫ్లాట్లను రోజువారీగా ఇస్తుంటారు, ఫొటోల్లో కళ్లు చెదిరిపోతాయి, రేటు సగం. థాయ్‌లాండ్ 2004 హోటల్ చట్టం ప్రకారం నెల కన్నా తక్కువ రోజులకు గదులు అద్దెకివ్వాలంటే లైసెన్సు ఉండాలి. చిన్న బసలకు కొన్ని మినహాయింపులున్నా, మామూలు ఫ్లాట్లు చాలావరకు వాటిలోకి రావు. శిక్ష ఓనరుకే, మనకు కాదు. కానీ లాబీలో "రోజువారీ అద్దె నిషేధం" బోర్డు కిందే నిలబడి, ఓనరు "వాచ్‌మన్ అడిగితే మా చుట్టాలమని చెప్పండి" అని మెసేజ్ పెడితే, ఇద్దరు పిల్లలతో మీకు ఎలా ఉంటుంది? మా బంధువుల అబ్బాయికి అదే జరిగింది. అరగంట లాబీలోనే కూర్చున్నారు.

[ఎయిర్‌పోర్ట్, తెల్లవారుజాము. బెంచీ మీద నిద్రపోతున్న పిల్లలు.]

ఏ నెలలో వెళ్లాలి? ఇక్కడ మన అదృష్టం బాగుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ సీజన్, ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం పండగ. మన బడులకు వేసవి సెలవులిచ్చేది ఏప్రిల్ చివర్లో, అంటే పండగ రద్దీ తగ్గి రేట్లు దిగేటప్పుడు. ఎండ, మధ్యలో వానలు, అవి తప్పవు. సంక్రాంతి సెలవులకు వెళ్తే మాత్రం అదే గదికి ఎక్కువ పెట్టాలి.

హైదరాబాద్ నుంచి రాత్రి విమానం ఎక్కితే తెల్లవారేసరికి అక్కడ దిగుతాం, గడియారం గంటన్నర ముందుకు తిప్పుకోవాలి. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. ఆ ఏడెనిమిది గంటలు పిల్లల్ని ఎక్కడ పెడతారు? బుక్ చేసే ముందే హోటల్‌కు మెసేజ్ పెట్టండి. నేను పంపేది ఇంతే: "మేం పొద్దున ఏడింటికి వస్తాం, నాలుగేళ్ల పాప ఉంది. గది తొందరగా ఇస్తారా? ఎంత తీసుకుంటారు? సామాన్లు పెట్టుకుని స్నానం చేయడానికి చోటుందా?"

ఈ మెసేజ్‌కు రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఆ హోటల్ వదిలేస్తాను. పోయిన ట్రిప్‌లో పయా థాయ్ దగ్గర ఒక చిన్న హోటల్ వాళ్లు గంటలో రాశారు: గది ఖాళీ ఉంటే పదింటికే ఇస్తాం, అందాకా పూల్ పక్కన స్నానాల గది వాడుకోండి అని. పదింటికి ఇవ్వలేదు, పదకొండున్నర అయింది. అప్పటికి మా అత్తయ్య స్నానం చేసి, పులిహోర డబ్బా తెరిచి, రిసెప్షన్‌లోని అమ్మాయికి కూడా ఒక స్పూను రుచి చూపించేసింది.