ఇంట్లో ఒక్కటే ఫోనా? పిల్లల చదువుకు ఈ ఉచిత యాప్‌లు, సైట్లు చాలు

[తెరపై: పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం. పాఠం మొదట్లో ఉన్న క్యూఆర్ కోడ్ దగ్గరగా.]

వాయిస్: నమస్కారం. చదువు యాప్ అనగానే ప్లే స్టోర్‌లో కనిపించినవన్నీ వేసేసుకుంటే, వారం తిరిగేసరికి ఫోన్ నిండిపోతుంది. కోర్సు కొనమని కాల్స్ మొదలవుతాయి. అందుకే ముందు పిల్లల పాఠ్యపుస్తకం తెరవండి. ఈ చదరపు కోడ్, పాఠాల వీడియోలుండే దీక్షా యాప్‌కు దారి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ఈ యాప్ పూర్తిగా ఉచితం.

[తెరపై: దీక్షా తెరుచుకుంటుంది. భాష, బోర్డు, మాధ్యమం, తరగతి ఒక్కొక్కటే ఎంచుకోవడం.]

వాయిస్: లాగిన్ అక్కర్లేదు, అతిథిగానే వాడుకోవచ్చు. కానీ బోర్డు దగ్గర తొందరపడకండి. రాష్ట్ర బోర్డు బదులు సీబీఎస్ఈ నొక్కేస్తే మీ పుస్తకంలో లేని పాఠాలు ముందుకొస్తాయి. "ఇందులో మా పాఠాలే లేవు" అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. ప్రొఫైల్‌లోకి వెళ్లి ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఇప్పుడు యాప్‌లోని క్యూఆర్ గుర్తు నొక్కి కోడ్ మీద ఫోన్ పట్టండి. స్కాన్ కాకపోతే పేజీని చదునుగా పరిచి, లైటు నేరుగా పడకుండా చూడండి. పుస్తకం నలిగిపోయి అప్పటికీ కాలేదంటే, కోడ్ దగ్గరే ఆరు అక్షరాలూ అంకెలూ ఉంటాయి, అవి టైప్ చేస్తే చాలు.

వీడియో కింద డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. వైఫై ఉన్నచోట ఆ వారానికి కావలసిన పాఠాలు దించుకుని, అయిపోయినవి తీసేస్తూ ఉండండి.

[తెరపై: బ్రౌజర్‌లో ఫెట్ డాట్ కొలరాడో డాట్ ఈడీయూ.]

వాయిస్: వీడియో చూస్తే పాఠం అర్థమైనట్టే ఉంటుంది. చేసి చూస్తేనే పట్టు దొరుకుతుంది. ప్రయోగశాల సరిగా లేని బడి పిల్లలకు మేం మొదట చెప్పేది ఫెట్, తెరమీదే ప్రయోగాలు చేసి చూసే వెబ్‌సైట్. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని ప్రారంభించారు. ఫోన్ యాప్‌కు డబ్బు కట్టాలి, వెబ్‌సైట్ ఉచితం. కాబట్టి సైట్‌కే వెళ్లండి.

[తెరపై: సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్, డీసీ. వేలితో బ్యాటరీ, నిరోధకం, తీగలు లాగి కలపడం.]

వాయిస్: వోల్టేజీ ఎంత పెరిగితే కరెంటు అదే నిష్పత్తిలో పెరుగుతుందనే ఓమ్ నియమం చేసి చూద్దాం. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓములు ఉన్న నిరోధకం, తీగలు. కరెంటును కొలిచే అమ్మీటర్‌ను వలయం మధ్యలో, శ్రేణిలో పెట్టండి. 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. బ్యాటరీ మీద నొక్కి వోల్టేజీని 18కి జరపండి. 1.80. ఇంకో రెండు విలువలు మార్చి నోట్‌బుక్‌లో పట్టిక వేయించండి, గ్రాఫ్ సరళరేఖగా వస్తుంది. ఇప్పుడు బ్యాటరీ రెండు కొసల్నీ ఒక్క తీగతోనే కలపండి.

[తెరపై: బ్యాటరీ మీద మంటలు.]

షార్ట్ సర్క్యూట్! ఇంట్లో చేయకూడని ప్రయోగం ఇక్కడ ఎన్నిసార్లయినా చేయొచ్చు. తీగ విడిపోకపోతే కలిసిన చోట నొక్కండి, కత్తెర గుర్తు వస్తుంది.

ప్రయోగం పేజీలోనే డౌన్‌లోడ్ ఉంటుంది. ఒక్క ఫైలు వస్తుంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఫోన్‌లో తెరిచేటప్పుడు అక్షరాల గందరగోళం కనిపిస్తే, "దీనితో తెరువు" అన్నచోట క్రోమ్ ఎంచుకోండి. అనువాదాల విభాగంలో తెలుగు ఉందేమో కూడా చూడండి, అన్నిటికీ లేదు.

[తెరపై: స్టోరీవీవర్‌లో తెలుగు కథల అట్టలు.]

వాయిస్: చిన్నపిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి కథల సైట్ స్టోరీవీవర్. 2015 నుంచి ఉంది, ఉచితం. భాష తెలుగు పెట్టి, స్థాయి ఎంచుకోండి. మొదటి స్థాయిలో కథ 250 పదాలు దాటదు, నాలుగో స్థాయిలో 1500 పైనే. తరగతిని బట్టి కాదు, పిల్ల ఆగకుండా చదవగలిగేదాన్ని బట్టి స్థాయి పెట్టండి. పీడీఎఫ్ దించి ప్రింటు తీస్తే ఫోన్ అవసరమే ఉండదు. విదేశాల్లో పెరుగుతున్న మనవలతో తెలుగు చదివించాలనుకునే తాతయ్యలు, అమ్మమ్మలు వీడియో కాల్‌లో ఒకే కథ ఇద్దరూ తెరిచి చదవొచ్చు.

ఇంజినీరింగ్ పిల్లలకు ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. కోర్సులో చేరడం, పరీక్షకు నమోదు చేసుకోవడం వేర్వేరు. రెండోది మరిచిపోయి సర్టిఫికెట్ పోగొట్టుకునేవాళ్లున్నారు, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

[తెరపై: ఆండ్రాయిడ్ సెట్టింగ్స్. వెతికే చోట "పిన్".]

వాయిస్: ఫోన్ పిల్లల చేతికిచ్చే ముందు ఒక్క పని. సెట్టింగ్స్‌లో "పిన్" అని వెతికి, తెరను ఒక్క యాప్‌కే కట్టిపడేసే యాప్ పిన్నింగ్ ఆన్ చేయండి. దాని కిందే, బయటికి రావాలంటే ఫోన్ లాక్ పిన్ అడగాలన్న ఆప్షన్ కూడా. తర్వాత దీక్షా తెరిచి, ఇటీవలి యాప్‌ల తెరలో దాని గుర్తు మీద నొక్కి "పిన్" అనండి. మీరు లాక్ పిన్ కొట్టేదాకా పిల్లలు ఆ యాప్ దాటి బయటికి రాలేరు.