మెటల్ వాల్వ్ ఉన్న గర్భిణి: ఏ పరీక్ష, ఏ టైమ్‌కి?

నమస్తే. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండె వాల్వ్ పాడైనవాళ్లు, మెటల్ వాల్వ్ వేయించుకున్నవాళ్లు మన దగ్గర చాలామందే. వాల్వ్ మీద గడ్డ కట్టకుండా ఏసిట్రోమో, వార్‌ఫారినో రోజూ వేసుకుంటారు. మరి నెల తప్పితే?

భయపడి మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి. వాల్వ్ మీద గడ్డ కడితే తల్లి ప్రాణానికే ముప్పు. ఆ రోజే మీ గుండె డాక్టర్‌కి ఫోన్ చేయండి.

[తెరపై: మాయ (ప్లాసెంటా) బొమ్మ]

ఈ మాత్రలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకలు సరిగా ఏర్పడకపోవచ్చు. మోతాదు ఎక్కువైతే ముప్పూ ఎక్కువే. అందుకే వార్‌ఫారిన్ రోజుకు 5 మిల్లీగ్రాములు దాటేవాళ్లను ఆ వారాల్లో సాధారణంగా ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్‌కి మారుస్తారు, ఇదీ గడ్డ కట్టకుండా ఆపేదే. రోజుకు రెండుసార్లు, చర్మం కింద. ఇది మాయ దాటదు. 12 వారాల తర్వాత చాలామంది మళ్లీ మాత్రకే వస్తారు.

అసలు తిరకాసు పరీక్ష దగ్గరే. మాత్రకు పీటీ ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్ష, చేయిస్తాం కదా, ఇంజెక్షన్‌కి మారాక కూడా అలవాటుకొద్దీ అదే చేయించి, “1.1 వచ్చింది, మందు పనిచేయట్లేదు” అని టెన్షన్ పడతారు. ఈ ఇంజెక్షన్ పనితీరు ఐఎన్ఆర్‌లో తెలియదు. దీనికి యాంటీ టెన్ ఏ అనే పరీక్ష వేరే ఉంది.

[తెరపై: ల్యాబ్ చీటీ, దాని మీద పెన్నుతో “ఇంజెక్షన్: ఉదయం 6”]

ఉదయం 6కి ఇంజెక్షన్ వేసుకుంటే 10 నుంచి 12 లోపు రక్తం ఇవ్వాలి, అంటే 4 నుంచి 6 గంటల తర్వాత. పరగడుపున ఉండక్కర్లేదు. ఇంజెక్షన్ వేసుకోకుండా పొద్దున్నే ల్యాబ్‌కి పరుగెత్తితే అంకె తక్కువ వస్తుంది, దాన్ని చూసి డోసు అనవసరంగా పెంచేస్తారు. చీటీ మీద టైమ్ రాయించండి. ఈ పరీక్ష ప్రతి ల్యాబ్‌లో ఉండదు, ముందే కనుక్కోండి. సాధారణంగా 0.8 నుంచి 1.2 మధ్య రావాలి. మెటల్ వాల్వ్ వేసింది మైట్రల్ చోట, అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య అయితే 1.0కి తగ్గకూడదు.

నెలలు నిండేకొద్దీ బరువు పెరుగుతుంది, కిడ్నీలు మందును త్వరగా బయటికి పంపేస్తాయి. ఇంజెక్షన్ మీదే ఉండేవాళ్లకు మూడో నెలలో సరిపోయిన డోసు ఏడో నెలలో చాలదు. అందుకే మొదట వారం వారం, అంకె కుదిరాక రెండు వారాలకోసారి పరీక్ష. మాత్ర మీద ఉన్నవాళ్లకు ఐఎన్ఆర్ కూడా ఇంతే తరచుగా చూడాలి. గోంగూర, పాలకూర మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ తిని మరో వారం ముట్టకపోతే ఐఎన్ఆర్ ఊగిపోతుంది.

36వ వారానికి మాత్ర ఆపి ఎనాక్సాపారిన్ లాంటి హెపారిన్ రకం మందుకు మారుస్తారు. మాత్ర మీద ఉండగా నొప్పులొస్తే బిడ్డ రక్తం కూడా పల్చగా ఉంటుంది, సిజేరియన్ చేయాల్సి వస్తుంది. ఇంజెక్షన్ మీద ఉండగా నొప్పులు మొదలైతే ఆ పూట సూది వేసుకోకండి. చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారో ఆస్పత్రిలో ముందు చెప్పండి. నడుములో మత్తు ఇవ్వాలంటే ఆ డోసు పడి 24 గంటలు దాటాలి.

ఆయాసం, ఒక పక్క చేయి పట్టు తప్పడం, రక్తస్రావం, వాల్వ్ టిక్ టిక్ చప్పుడు మందగించడం... వీటిలో ఏది కనిపించినా పరీక్ష తేదీ కోసం ఆగొద్దు.

కాన్పయ్యాక మాత్ర మళ్లీ మొదలవుతుంది. వార్‌ఫారిన్ పాలలోకి దాదాపుగా రాదు, బిడ్డకు పాలివ్వొచ్చు.