ఊటీ పొగబండికి హైడ్రోజన్ గండమా? – స్టూడియో చర్చ పూర్తి పాఠం

(చర్చ జరిగింది జరిగినట్టే ఇస్తున్నాం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఎండలు ముదిరితే మన విజయవాడ, తిరుపతి, హైదరాబాద్ జనం చాలామంది దారి పట్టేది ఊటీకి. ఊటీ అనగానే కొండెక్కే ఆ నీలం పెట్టెల చిన్న రైలు గుర్తొస్తుంది. ఇప్పుడు రైల్వే శాఖ వారసత్వ మార్గాల్లో, కొండ మార్గాల్లో 35 హైడ్రోజన్ రైళ్లు, అంటే హైడ్రోజన్ వాయువు ఇంధనంగా నడిచే రైళ్లు, నడపాలనుకుంటోంది. ఒక్కో రైలుకు 80 కోట్లు, ఒక్కో మార్గంలో ఏర్పాట్లకు మరో 70 కోట్లు అంచనా. మరి ఆవిరి ఇంజను సంగతేంటి? నా ప్రశ్న సూటిగా అడుగుతాను. నష్టాల్లో నడిచే బండికి సామాన్యుడి పన్ను డబ్బు ఎందుకు? ఇంజినీరు గారూ, మీతో మొదలుపెడదాం.

విశ్రాంత రైల్వే ఇంజినీరు: లాభనష్టాల సంగతి తర్వాత చెప్తానండీ. ముందు ఆ బండి ఏమిటో జనానికి తెలియాలి. మేట్టుపాళయం నుంచి ఉదగమండలం, అంటే ఊటీ, దాకా 46 కిలోమీటర్లు. 326 మీటర్ల ఎత్తు దగ్గర బయల్దేరి 2,203 మీటర్లకు చేరుతుంది. కల్లార్ దాటాక ఏటవాలు కొన్నిచోట్ల పన్నెండుకు ఒకటి. అంటే పన్నెండు మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి. మామూలు చక్రం అక్కడ జారుతుంది. అందుకే రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇంకో పట్టా వేశారు. మన దేశంలో అలాంటి లైను అదొక్కటే...

యాంకర్: సార్, అది అందరికీ తెలిసిందే...

ఇంజినీరు: తెలియదండీ! తెలిస్తే హైడ్రోజన్ అని ఇంత తేలిగ్గా అనరు. నన్ను పూర్తి చెయ్యనివ్వండి. ఆ పళ్ల పట్టాలు జంట. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. ఎప్పుడు చూసినా ఏదో ఒక పన్ను ఇంజను కింది పళ్ల చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. ఇంజనుకు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాల్ని తిప్పుతాయి. అక్కడ పని చేసి బయటికొచ్చిన ఆవిరినే మిగతా రెండింటికి పంపితే, అవి పళ్ల చక్రాల్ని తిప్పుతాయి. ఒకే ఆవిరితో రెండుసార్లు పని! స్విట్జర్లాండులో వింటర్‌థూర్‌లో ఈ రకం ఇంజన్లు చేశారు. వందేళ్లు దాటినా ఆ పద్ధతిని మించింది ఆ కొండకు దొరకలేదు.

పర్యావరణ కార్యకర్త: సార్, ఇంజను గొప్పదే, నేను కాదనలేదు. కానీ అది పోయేది అడవిలోంచి. కల్లార్ దగ్గర ఏనుగులు దాటే దారి ఉంది. హిల్‌గ్రోవ్ స్టేషన్ దగ్గర కట్టిన గోడలు ఏనుగులకు అడ్డమై, గొడవయ్యాక కూలగొట్టాల్సి వచ్చింది. దట్టమైన నల్ల పొగ, కిటికీల్లోంచి పారేసే ప్లాస్టిక్...

ఇంజినీరు: ప్లాస్టిక్ పారేసేది ఇంజనా, మనుషులా?

పర్యావరణ కార్యకర్త: నేను మనుషుల గురించే...

ఇంజినీరు: అదే బస్సులూ కార్లూ ఘాట్ రోడ్డు మీద ఎన్ని పోతున్నాయో చూశారా? వాటి పొగను ఎవరూ అడగరు. రోజుకు ఒక బండి పొద్దున ఏడు గంటల పదికి బయల్దేరి, సుమారు ఐదు గంటలు పాకితే దాని పొగే కనిపిస్తుంది అందరికీ!

యాంకర్: మేడమ్ అడిగింది న్యాయమే కదా. దాంతో పాటు నా ప్రశ్న. నష్టం వస్తుందా, రాదా?

టూర్ ఆపరేటర్: ఒక్క మాట అండీ, నష్టం గురించి. మేం ఏటా ఫ్యామిలీలను తీసుకెళ్తాం. టికెట్టు దొరకడమే పెద్ద టెన్షన్. బుకింగ్ తెరిచిన కాసేపటికే అయిపోతుంది. పెట్టెలు నాలుగో ఐదో, అంతే. పెద్దవాళ్లు ఆశగా వస్తారు, చివరికి కూనూర్ నుంచి ఊటీకి ఎక్కిస్తాం. ఆ ముక్కలో డీజిల్ ఇంజను. దిగాక "పొగబండి ఏది బాబూ?" అని అడుగుతారు. ఏం చెప్పాలి నేను?

యాంకర్: అంటే సామాన్యుడికి టికెట్టూ దొరకదు, డబ్బూ ఆయనదే!

టూర్ ఆపరేటర్: 2018లో ఛార్జీలు పెంచారు. అయినా డిమాండ్ తగ్గలేదండీ. సరిగ్గా నడిపితే నష్టమెందుకు వస్తుంది?

ఇంజినీరు: (మధ్యలో) పెట్టెలు పెంచమంటే కుదరదు. ఆ కొండ మీద ఇంజను ముందుండి లాగదు, వెనకుండి నెడుతుంది. ప్రతి పెట్టెకూ ఒక బ్రేక్స్‌మన్ నిలబడి ఉంటాడు. ఎంత బరువు నెట్టగలదో అంతే. పళ్ల పట్టా మీద వేగం గంటకు 13 కిలోమీటర్లు. ఇది హడావిడి పడే బండి కాదు.

యాంకర్: చరిత్ర టీచర్ గారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతున్నారు. చెప్పండి మేడమ్.

చరిత్ర ఉపాధ్యాయురాలు: థాంక్సండీ. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర. ఊటీ గురించి అందరం మాట్లాడుతున్నాం, బాగుంది. మనకూ ఒక చిన్న రైలు ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచింది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. రెండున్నర అడుగుల పట్టా. మా నాన్నమ్మ ఆ బండి కూత విని పొలానికి సద్దిమూట కట్టేది. 2004లో బ్రాడ్‌గేజ్ కోసం ఆపేశారు, 2011లో పెద్ద రైలు వచ్చింది. పెద్ద రైలు కావాలి, మా వాళ్లకు చాలా ఉపయోగం. కానీ ఒక పది కిలోమీటర్లయినా పాత లైను ఉంచాలని అడగడానికి మన దగ్గర...

యాంకర్: మేడమ్, మనం ఊటీ దగ్గరే ఉందాం. మీ బండి కూడా నష్టాల్లో ఉండేదా?

చరిత్ర ఉపాధ్యాయురాలు: ప్రతిదీ నష్టమా లాభమా అని అడిగితే ఏదీ మిగలదండీ. నేను చెప్పేది...

ఇంజినీరు: మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, నేను దానికే వస్తున్నా. స్విట్జర్లాండులో ఫుర్కా కనుమ మీద ఇలాంటి పళ్ల పట్టా లైనే ఉంది. 1982లో కింద సొరంగం తెరవగానే పై లైను వదిలేశారు. ఏం చేశారో తెలుసా అక్కడి జనం? స్వచ్ఛందంగా పూనుకున్నారు. వియత్నాంలో దలాత్ కొండ లైనుకు ఒకప్పుడు అమ్మిన తమ ఇంజన్లను 1990లో వెనక్కి తెచ్చుకున్నారు! బాగుచేశారు. 2010 నాటికి లైను మొత్తం మళ్లీ నడిపించారు. మన తిరుచిరాపల్లి పొన్మలై వర్క్‌షాపులో మనవాళ్లు 2011 నుంచి కొత్త ఆవిరి ఇంజన్లు తయారుచేశారు. కొత్తవండీ, కొత్తవి! బాయిలరు దగ్గర్నుంచి ఇక్కడే. ఆ పనిమంతుల గురించి ఏ ఛానెల్ అయినా ఒక్క గంట కార్యక్రమం పెట్టిందా?

పర్యావరణ కార్యకర్త: మరి కొత్త ఇంజను చేసినప్పుడు పొగ తక్కువ వచ్చేలా చేయొచ్చుగా? కొన్నింటిని నూనెతో మండేలా మార్చారు. ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకు వెళ్లమంటున్నా. హైడ్రోజన్ వద్దని కొట్టిపారేయడం ఎందుకు?

ఇంజినీరు: హైడ్రోజన్ ప్రయోగం హర్యానాలో జింద్–సోనీపత్ మధ్య పెట్టారు. చదును నేల! పన్నెండుకు ఒకటి ఏటవాలు మీద పళ్ల చక్రంతో...

పర్యావరణ కార్యకర్త: ప్రయోగం ఒకచోట మొదలవ్వాలి కదా సార్!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "డార్జిలింగ్ ఊరి మధ్యలో పొగ" అని ఆమె మాట, "1999లో యునెస్కో" అని ఆయన మాట వినిపించాయి.)

యాంకర్: ఒక్కొక్కరుగా, ఒక్కొక్కరుగా! సార్, యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పోతుందా?

ఇంజినీరు: డార్జిలింగ్‌కు 1999లో, నీలగిరికి, అంటే ఈ ఊటీ బండికి, 2005లో, కాల్కా–సిమ్లాకు 2008లో గుర్తింపు వచ్చింది. పట్టా, వంతెనలు, సొరంగాలు, ఇంజను అన్నీ కలిస్తేనే ఆ విలువ. ఊటీ లైనులో 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. డార్జిలింగ్‌లో రెండడుగుల పట్టా మీద ఘూమ్ దాకా ఎక్కుతుంది. అక్కడ పళ్ల పట్టా లేదు, కొండ మరీ నిటారుగా ఉన్నచోట బండి ముందుకీ వెనక్కీ జడలా నడుస్తూ ఎక్కుతుంది. దేని పద్ధతి దానిది. అందుకే అన్నిటికీ ఒకే మందు పనికిరాదంటున్నా.

యాంకర్: 35 రైళ్లకు 80 కోట్ల చొప్పున 2,800 కోట్లు. సామాన్యుడు అడుగుతాడు సార్...

ఇంజినీరు: సామాన్యుడే రేపు తన పిల్లాణ్ని తీసుకెళ్లి "ఇదిరా ఆవిరి ఇంజను" అని చూపించాలి. గాజు పెట్టెలో బొమ్మలా కాదు. ఫైర్‌మన్ నల్ల చేతులు, ఆ వేడి, నీళ్లు పట్టే ఆ హాల్టు, అవన్నీ!

టూర్ ఆపరేటర్: వర్షాలకు అక్టోబర్ నుంచి కొండచరియలు పడి బండి రోజుల తరబడి రద్దవుతుంది. ముందు దాని సంగతి చూడమనండి. మా వాళ్ల టికెట్లన్నీ...

యాంకర్: అరకు గురించి కూడా ఒక మాట. అక్కడ అద్దాల పెట్టె పెట్టారు, జనం ఎగబడుతున్నారు. ఆవిరి లేకుండానే!

చరిత్ర ఉపాధ్యాయురాలు: అరకు వేరండీ, అది సరుకు రవాణాకు వేసిన బ్రాడ్‌గేజ్ లైను. నౌపడ గురించి ఇందాక నేను చెప్పబోయింది...

యాంకర్: టైమ్ అయిపోవస్తోంది. మేడమ్, పది సెకన్లు.

పర్యావరణ కార్యకర్త: ఆవిరి ఉండనివ్వండి, కానీ అడవి ముందు. ఏనుగు దారిలో ఇక ఒక్క గోడ కూడా...

ఇంజినీరు: గోడ సంగతి ఒప్పుకుంటా. అది తప్పే. ఇంజనును మాత్రం ముట్టుకోనివ్వం!

యాంకర్: లాభమా నష్టమా అనే ప్రశ్న మాత్రం అలాగే ఉంది...

ఇంజినీరు: ఆ ప్రశ్న తాజ్‌మహల్‌ను అడగండి ముందు!

యాంకర్: సార్, సార్... చిన్న విరామం. తర్వాత మేట్టుపాళయం లోకో షెడ్ నుంచి మా ప్రత్యేక కథనం.

చరిత్ర ఉపాధ్యాయురాలు: నౌపడ స్టేషన్ దగ్గర ఇప్పటికీ...

(ప్రసారం ఇక్కడితో ఆగింది.)