గడ్డ తీసేసినారు సరే, ముక్క యాడికి పంపినారు?

శ్రోతలందరికీ నమస్కారం. కాలి మీదో చేతి మీదో శనగ్గింజంత గడ్డ లేస్తే మన కడప పక్క అందరూ అనేది ఒకటే, కొవ్వు గడ్డలేబ్బా ఏం కాదు అని. చాలాసార్లు నిజమే. కానీ కోసి తీసినాక ఆ ముక్కను పరీక్షకు పంపకుండా పారేస్తారే, అది మాత్రం నాకు నచ్చదు.

కొవ్వు గడ్డ అనుకునేవాట్లో క్యాన్సర్ కాని వేరే గడ్డలు మూడు చెప్తా. చర్మం లోపల పుట్టే డెర్మటోఫైబ్రోమా గట్టిగా ఉంటాది, రెండు పక్కలా ఒత్తితే నడిమధ్య గుంట పడతాది. న్యూరోఫైబ్రోమా మెత్తన, నరం తొడుగులోంచి పుడతాది, వేలితో నొక్కితే లోపలికి పోతాది. వెంట్రుకల్ని నిక్కబొడిపించే బుల్లి కండరంలోంచి వచ్చే లియోమయోమా అయితే చలి తగిలితే నొప్పి. అయితే అందరికీ పుస్తకంలో రాసినట్టే రావు కదా.

ల్యాబులో ముక్కను మైనంలో బిగించి 3 నుంచి 5 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పొరలు కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టిస్తారు, కణం నడుమ ఉండే కేంద్రకం నీలంగా మిగతాది గులాబీగా కనిపిస్తాది. చిక్కంతా ఇక్కడే, ఈ మూడింట్లోనూ కణాలు కొసలు సన్నగా కదురు మాదిరే ఉంటాయి. అనుభవమున్న డాక్టరు వాటి అమరిక చూసి చాలావరకు చెప్పేస్తారు, అనుమానమొస్తే మాసన్ ట్రైక్రోమ్ అనే ఇంకో రంగు వేస్తే కండరం ఎర్రగా, కొల్లాజెన్ అనే పీచు నీలంగానో ఆకుపచ్చగానో విడిపోతాది.

అప్పటికీ తేలకపోతే ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) అనే పరీక్ష చేస్తారు, ఒక్కో ప్రొటీన్‌నే పట్టుకునే యాంటీబాడీలు వేస్తే వెతికే ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతాది. వెతికే ప్రొటీన్లు ఇవి, నరం తొడుగు కణాలకు ఎస్-100, కండరానికి డెస్మిన్, డెర్మటోఫైబ్రోమాకు ఫ్యాక్టర్ 13ఏ. ఎస్-100 పుట్టుమచ్చల్లోనూ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనూ కూడా వస్తాది, అందుకే ఒక్కదాన్నే నమ్ముకోరు, నాలుగైదు కలిపి చూస్తారు.

ఇంత తతంగం ఎందుకంటారా, డెర్మటోఫైబ్రోమా మాదిరే కనిపించే డీఎఫ్ఎస్‌పీ (డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరాన్స్) అని ఒకటుంది, అది క్యాన్సర్ జాతిది, లోపల్లోపల పాకి కోసినా మళ్ళీ వస్తాది. దాంట్లో సీడీ-34 అనే ప్రొటీన్ సాధారణంగా పాజిటివ్, డెర్మటోఫైబ్రోమాలో సాధారణంగా నెగెటివ్. పైకి చూసి ఎవరు చెప్పగలరు?

అందుకని ఆపరేషన్ ముందే అడగండి, ముక్కను చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారా అని. నీళ్ళలోనో సెలైన్లోనో వదిలేస్తే కణాలు చెడిపోతాయి, తర్వాత ఏ రంగూ సరిగా పట్టదు. ఐహెచ్‌సీ అన్ని ల్యాబుల్లో ఉండదు, కంగారు పడొద్దు, ముక్కను బిగించిన మైనం బ్లాకు ఏళ్ళ తరబడి నిలవుంటాది, దాన్నే రిపోర్టుతో పాటు తీసుకోని కర్నూలుకో తిరుపతికో పోతే సరిపోతాది, మళ్ళీ కోయించుకునే పని ఉండదు.