అన్ని దిశల్లోనూ అవకలజం ఉంటే చాలదా?

సంచాలకురాలు: నార్మ్, అంటే పొడవు కొలత, ఉన్న సదిశాంతరాళాల పాఠాన్ని గణితవేత్త గాటో పేరిట ఉన్న అవకలజంతో, అంటే ఒక్కో దిశ వెంట తీసే అవకలజంతో మొదలుపెట్టాలన్న ప్రతిపాదనపై వివాదం రేగింది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. విద్యార్థి చేతితో సరిచూడగల నియమం ఏది?

అధ్యాపకురాలు: గాటోదే. దిశ ఎంచుకున్నాక మిగిలేది ఒకే చలరాశి లెక్క. అది వాళ్లకు ముందే—

ఆచార్యుడు: ఆ సులువే మోసం చేస్తుందమ్మా! ఎక్స్ ఘనాన్ని వైతో గుణించి, ఎక్స్ నాలుగో ఘాతం, వై వర్గాల మొత్తంతో భాగించండి. మూలబిందువు వద్ద విలువ సున్నా. ఏ సరళరేఖ మీద వచ్చినా అవకలజం సున్నాయే. వై స్థానంలో ఎక్స్ వర్గం పెట్టి పరావలయం మీదుగా రండి. విలువ ఎక్స్‌లో సగం! దాన్ని దూరంతో భాగిస్తే పరిమాణం అర దగ్గర నిలుస్తుంది, సున్నాకు చేరదు. అన్ని దారులకూ ఒకేసారి పనిచేసే అవకలజం, అంటే ఫ్రెషే అవకలజం, లేదు.

పరిశోధకుడు: రెండు పరిమాణాల్లోనే ఇలా ఉంటే, అనంత పరిమాణంలో—

ఆచార్యుడు: పూర్తి చేయనివ్వండి! ఫ్రెషే అడిగేది ఒక్కటే: పరిబద్ధ రేఖీయ ప్రమేయం, అంటే నార్మ్‌ను ఒక స్థిర గుణకాన్ని మించి పెంచనిది, ఒకటి ఉండాలి, దోషాన్ని అడుగు నార్మ్‌తో భాగిస్తే అది ఏ దారిలోనైనా సున్నాకు పోవాలి.

సంచాలకురాలు: కానీ చేతితో సరిచూడడం ఎలా?

అధ్యాపకురాలు: మార్గం ఉంది. బిందువు చుట్టూ గాటో అవకలజం పరిబద్ధ రేఖీయమై, ఆ బిందువు వద్ద ఆపరేటర్ నార్మ్‌లో, అంటే ఆ గుణకాల్లో అతి చిన్నదానితో కొలిస్తే, అవిచ్ఛిన్నమైతే ఫ్రెషే అవకలజం ఉన్నట్లే.

ఆచార్యుడు: పర్యాప్తం, ఆవశ్యకం కాదు! ఎక్స్ వర్గాన్ని, ‘ఒకటి బై ఎక్స్’కు తీసిన సైన్‌తో గుణించండి; సున్నా వద్ద విలువ సున్నా. సున్నా వద్ద అవకలజం ఉంది, కానీ ఆ అవకలజం అక్కడ అవిచ్ఛిన్నం కాదు.

సంచాలకురాలు: గాటో 1914లో యుద్ధంలో మరణించారు కదా? ఆయన పరిశోధన—

పరిశోధకుడు: మరణానంతరం వెలువడింది. నేను నార్మ్ గురించి చెప్పాలి. ఎన్ రెట్ల ఎక్స్‌కు సైన్ తీసి ఎన్‌తో భాగిస్తే గరిష్ఠ నార్మ్, అంటే ప్రమేయం విలువల్లో అతి పెద్ద పరిమాణం, ఒకటి బై ఎన్‌ను మించదు, కానీ సున్నా వద్ద వాలు ఎప్పుడూ ఒకటే. అంటే సున్నా వద్ద వాలు తీసే రేఖీయ ప్రమేయం ఆ నార్మ్‌లో పరిబద్ధం కాదు. అవకలజాన్నీ కొలిచే నార్మ్ పెడితే—

ఆచార్యుడు: నేను చెప్పిందీ అదే! దిశలు చాలవు!

పరిశోధకుడు: కాదు, మీరు దారుల గురించి చెప్పారు. నేను నార్మ్ గురించి—

సంచాలకురాలు: ఆచార్యుల వాదన బలంగా ఉంది. అయినా చేతితో సరిచూసే నియమం...

అధ్యాపకురాలు: ఇందాకే ఇచ్చాను!

ఆచార్యుడు: పర్యాప్తం మాత్రమే! పరావలయం దగ్గరికి మళ్లీ రండి—

సంచాలకురాలు: సమయం అయిపోయింది.